పువ్వు నీలానికి, కర్ర గట్టిదనానికి మధ్య ఒక చక్కెర పలుకు

నాలుగు శంఖుపుష్పాలు వేడినీళ్ళలో వేసి మూతపెడితే కాసేపటికి నీళ్ళు సిరా రంగుకి తిరుగుతాయి. నిమ్మచెక్క పిండితే ఊదా అవుతాయి, ఇంకాస్త పిండితే గులాబీ. ‘బ్లూ టీ’ పేరుతో ఇది ఇప్పుడు ఊరూరా తిరుగుతోంది. షుగర్ ఉన్న మా మేనమామకి ఎవరో ఈ టీ అలవాటు చేశారు. అంతలో ఇంకెవరో “ఆ రంగులోనే గ్లూకోజ్ ఉంటుందిట” అని బెదరగొట్టారు. మామయ్య గ్లాసు పక్కన పెట్టేసి నాకు ఫోన్ చేశాడు.

బెదరగొట్టినాయన చెప్పింది అబద్ధం కాదు. ఆ నీలం రంగు అణువుకి నిజంగానే గ్లూకోజ్ అతుక్కుని ఉంటుంది. మామయ్య షుగర్ సంగతి కాసేపట్లో లెక్కేసి చూద్దాం. ముందు ఇంకో సంగతి. 2017లో జపాన్ శాస్త్రవేత్తలు చామంతి చేత నీలం పూయించారు. అందుకోసం చామంతిలోకి రెండు జన్యువులు తెచ్చి పెట్టారు. ఒకటి గంటపువ్వులా ఉండే కాంపాన్యులా అనే మొక్కది, రెండోది మన శంఖుపుష్పానిది. ఈ రెండో జన్యువు ఏ రంగునీ తయారుచేయదు. తయారైన రంగుకి రెండు గ్లూకోజ్‌లు తగిలిస్తుంది, అంతే.

ఇలా చక్కెర తగిలించే ఎంజైములు, అంటే కణంలో పనులు జరిపే ప్రోటీన్లు, పువ్వుల్లోనే కాదు, ఉల్లిగడ్డలోనూ ద్రాక్షతొక్కలోనూ చెట్టు మానులోనూ ఉన్నాయి. మానులో వాటి చేతికి చిక్కేది కర్రకి గట్టిదనమిచ్చే లిగ్నిన్ ముడిసరుకు. పువ్వు దగ్గర ఈ చక్కెర ఎందుకో చాలావరకు తేలింది. కర్ర దగ్గర ఎందుకన్నది మాత్రం దశాబ్దాలుగా వాదనలోనే ఉంది.

ఏ చక్కెర, ఎంత చక్కెర

రసాయనం భాషలో చక్కెరంటే డబ్బాలోని పంచదార ఒక్కటే కాదు. గ్లూకోజ్, గాలక్టోజ్, రామ్నోజ్, అరబినోజ్, ఇవన్నీ చక్కెరలే. వీటిలో ఏదో ఒకటి ఇంకో పదార్థానికి అతుక్కుంటే వచ్చేది గ్లైకోసైడ్. అతికింది గ్లూకోజే అయితే గ్లూకోసైడ్. చక్కెర లేని ఒట్టి పదార్థం ఎగ్లైకోన్. పూలరంగుల్లో ఈ తేడా పేరులోనే కనబడుతుంది. ఒట్టి రంగు ఆంథోసయనిడిన్, చక్కెర తగిలాక ఆంథోసయనిన్. మధ్యలో ఆ ‘డి’ని అచ్చుతప్పనుకుని ఎవరో ఒకరు దిద్దేస్తూనే ఉంటారు.

ఇక లెక్క. సయనిడిన్ అనే ఎర్ర రంగు అణువు బరువు 287. గ్లూకోజ్ బరువు 180. రెండూ అతుక్కునేటప్పుడు ఒక నీటి అణువంత సరుకు, అంటే 18, బయటికి పోతుంది. మిగిలింది 287 + 162 = 449. ఉల్లిపాయలోని క్వెర్సెటిన్ 302. గ్లూకోజ్ తగిలితే 464. అణువుల్ని తూచే యంత్రం ముందు కూర్చున్నవాళ్ళకి ఈ 162 కంఠతా వచ్చు. తెలియని పదార్థమేదైనా విరిగినప్పుడు 162 తగ్గిందంటే గ్లూకోజ్‌లాంటి చక్కెర ఒకటి ఊడిందని అర్థం.

మామయ్య లెక్కా ఇందులోంచే తేలుతుంది. 449 వంతుల రంగులో పూర్తిగా విడిపోతే వచ్చే గ్లూకోజ్ 180 వంతులు, సుమారు 40 శాతం. చెంచాడు, అంటే నాలుగు గ్రాముల చక్కెర రావాలంటే పది గ్రాముల శుద్ధమైన రంగు మింగాలి. శంఖుపుష్పం రంగుకి గ్లూకోజ్‌లు ఇంకొన్ని ఎక్కువే ఉంటాయి కాబట్టి ఆ పది కొంత తగ్గుతుందనుకున్నా, నాలుగు పువ్వుల టీలో గ్రాముల లెక్కన రంగు ఉండదు. మామయ్య భయపడాల్సింది ఆ టీలో కలిపే తేనె గురించి.

ఎంజైమ్ జేబులో జరిగే పని

గ్లూకోజ్ తనంతట తాను వెళ్ళి దేనికీ అతుక్కోదు. కణం ముందు దాన్ని యూరిడిన్ డైఫాస్ఫేట్ అనే పిడికి బిగిస్తుంది. పొట్టిగా యూడీపీ. ఈ యూడీపీ-గ్లూకోజ్ అంటే చెయ్యి అందిస్తే చాలు, ఊడి రావడానికి సిద్ధంగా ఉన్న గ్లూకోజ్ అన్నమాట. ఇలాంటి పిడి చక్కెరల్ని వెలికితీసినందుకే అర్జెంటీనా శాస్త్రవేత్త లూయిస్ లెలోయిర్‌కి 1970లో రసాయన నోబెల్ ఇచ్చారు. పిడి మీది చక్కెరని తీసి ఇంకోదానికి తగిలించే ఎంజైమ్ పేరు యూడీపీ-గ్లైకోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్. ఇంత పొడుగు పేరు రోజూ పలకలేక అందరూ యూజీటీ అంటారు.

దీని ఆకారం ఎదురెదురుగా పెట్టిన రెండు దోసిళ్ళలా ఉంటుంది. మధ్యలో గాడి. ఒక దోసిలి యూడీపీ-చక్కెరని పట్టుకుంటుంది, రెండోది రంగు అణువుని. చక్కెర పట్టుకునే దోసిలిలో 44 అమైనో ఆమ్లాల (ప్రోటీన్ గొలుసులో పూసల్లాంటివి) వరస ఒకటి మొక్కల యూజీటీలన్నిటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కొత్త మొక్క జన్యుపటం చేతికొస్తే ఈ వరసని పట్టుకునే యూజీటీలని ఏరుతారు. రంగు పట్టుకునే దోసిలి మాత్రం ఒక్కో ఎంజైములో ఒక్కో తీరు. అది సహజమే. చక్కెరలు కొన్నే, అవి తగిలించాల్సిన పదార్థాలు వేలు.

అసలు పని క్షణంలో అయిపోతుంది. గాడిలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి కాచుకుని ఉంటుంది. రంగు అణువు మీది ఆక్సిజన్-హైడ్రోజన్ కొసలో హైడ్రోజన్‌ని అది లాగేస్తుంది. ఒంటరైన ఆక్సిజన్ వెనకవైపు నుంచి గ్లూకోజ్ మీదికి వచ్చి అతుక్కుంటుంది. ఇవతలి నుంచి యూడీపీ రాలిపోతుంది. వెనకనుంచి వచ్చింది కాబట్టి బంధం దిశ కూడా తిరగబడుతుంది, గాలికి గొడుగు వెల్లకిలా తిరిగినట్టు. 2006లో ద్రాక్ష ఎంజైమ్ స్ఫటికాన్ని ఎక్స్-రేలతో చూసినప్పుడు ఈ అమరికంతా స్పష్టంగా కనబడింది.

ఏ చక్కెర ఎంచుకోవాలో ఎంజైముకి ఎలా తెలుస్తుంది? ఆ 44లో చివరిది గ్లుటమిన్ అయితే మామూలుగా గ్లూకోజ్, హిస్టిడిన్ అయితే గాలక్టోజ్. ఒక గాలక్టోజ్ ఎంజైములో ఆ ఒక్క హిస్టిడిన్‌ని గ్లుటమిన్‌గా మారిస్తే అది గ్లూకోజ్ కూడా తగిలించడం మొదలుపెట్టిందని 2004లో చూపించారు. అయితే ఈ సూత్రం అన్ని ఎంజైముల దగ్గరా చెల్లుబాటు కాదు. ఎర్ర ఆపిల్ తొక్కలో సయనిడిన్‌కి తగిలి ఉండేది గాలక్టోజ్, చాలా పళ్ళలో గ్లూకోజ్. కంటికి ఆ తేడా తెలియదు.

చక్కెర తగలకపోతే: కంచు రంగు మొక్కజొన్న

ఈ ఎంజైమ్ లేకపోతే ఏమవుతుందో మొక్కజొన్న ఎప్పుడో చూపించింది. ఊదా గింజలుండే రకాల్లో కొన్నిటికి గింజలు కంచు రంగులో వస్తాయి. అందుకే ఆ జన్యువుకి ‘బ్రాంజ్-1’ అని పేరు. జన్యువులు ఉన్నచోట ఉండక గెంతుతాయని చూపించి 1983లో నోబెల్ అందుకున్న బార్బరా మెక్లింటాక్ తన లెక్కలకి గుర్తుగా వాడుకున్న జన్యువుల్లో ఇదొకటి. 1984లో ఆ గెంతే జన్యువునే ఎరగా వేసి దీన్ని పట్టుకున్నారు. ఆంథోసయనిడిన్‌కి మూడో స్థానంలో గ్లూకోజ్ తగిలించే ఎంజైముని తయారుచేసే జన్యువిది. అది పాడైన గింజలో రంగు తయారవుతుంది గానీ చక్కెర తగలదు. చక్కెర లేని రంగు నిలవదు, గింజ కంచు రంగుకి దిగుతుంది.

‘బ్రాంజ్-2’ అని ఇంకో జన్యువు ఉంది. అది పాడైనా గింజలు అచ్చం అదే కంచు రంగు. కానీ దానికీ చక్కెరకీ సంబంధమే లేదు. కణం మధ్యలో నీళ్ళ గదిలాంటిది ఒకటుంటుంది, మన పాఠ్యపుస్తకాల్లో రిక్తిక అంటారు. పూలరంగులు దాచుకునేది అందులోనే. రంగుని అక్కడికి చేర్చడానికి కావలసినది బ్రాంజ్-2. చక్కెర తగలకపోయినా, తగిలినది రిక్తికకి చేరకపోయినా ఫలితం ఒకటే. చక్కెర చేసే ఉపకారం రెండు రకాలని దీన్నిబట్టి అర్థమవుతుంది. రంగు విరిగిపోకుండా నిలబెడుతుంది, నీళ్ళలో కరిగేలా చేసి గదిలో దాచడానికి వీలిస్తుంది.

తెల్ల ద్రాక్ష కథ ఇంకోలా ఉంటుంది. దాని దగ్గర చక్కెర తగిలించే జన్యువు చెక్కుచెదరకుండానే ఉంది. దాన్ని వెలిగించే స్విచ్ జన్యువు ముందు ఒక గెంతే జన్యువు వచ్చి కూర్చుంది. స్విచ్ పడదు, పని మొదలవదు. నల్ల ద్రాక్షకీ తెల్ల ద్రాక్షకీ తేడా మూలంలో అదే.

ఎక్కడ తగిలిందన్నదే అసలు సంగతి

పూలరంగు అణువులో మూడు వలయాలు, వాటి చుట్టూ అంకెలు వేసిన కొసలు ఉంటాయి. 3, 5, 7, 3', 4', 5' అని. చక్కెర ఏ కొసకి తగిలిందన్నదాన్ని బట్టి గుణం మారుతుంది. చాలా మొక్కల్లో ముందు 3కి, తర్వాత 5కి తగులుతుంది. గులాబీ మాత్రం ముందు 5కి, ఆ తర్వాత 3కి తగిలిస్తుంది, రెండు పనులూ ఒకే ఎంజైముతో. 2005లో ఈ సంగతి బయటపడింది. కార్నేషన్ ఇంకా విడ్డూరం. అక్కడ 5వ కొసకి చక్కెర తగిలించేది యూజీటీ కానే కాదు, యూడీపీ పిడి కూడా అక్కర్లేదు. రిక్తిక లోపల, చక్కెరల్ని ఊడబెరికే కుటుంబానికి చెందిన ఎంజైమ్ ఒకటి అటు తిరిగి తగిలించే పనిలో దిగింది.

ఇప్పుడు నీలి చామంతి. కాంపాన్యులా జన్యువు ఒక్కటే పెట్టినప్పుడు చామంతి రంగు డెల్ఫినిడిన్ అనే ఇంకో ఆంథోసయనిడిన్‌గా మారింది, పువ్వు ఊదాకి వచ్చి ఆగింది. శంఖుపుష్పం ఎంజైమ్ ఆ డెల్ఫినిడిన్‌కి 3', 5' కొసల రెండింటికీ గ్లూకోజ్ తగిలించాక నీలం తేలింది. శంఖుపుష్పంలో సహజంగా జరిగేది కూడా ఇదే. ఆ మొక్కలోనే లేత ఊదా పూసే రకాలున్నాయి, వాటిలో 3', 5' కొసలు బోడిగా ఉంటాయి.

మరి నీలం చక్కెరదేనా? ఇక్కడే చాలామంది తొందరపడతారు. 1913-15 మధ్య జర్మనీ రసాయనవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్ ఎర్ర గులాబీ నుంచీ నీలి కార్న్‌ఫ్లవర్ నుంచీ రంగు తీస్తే రెండింటిలోనూ ఒకటే సయనిన్ వచ్చింది, 3లోనూ 5లోనూ గ్లూకోజ్ ఉన్నది. ఒకే రంగు, అవే చక్కెరలు. ఒకటి ఎరుపు, ఇంకోటి నీలం. కార్న్‌ఫ్లవర్‌లో ఇనుము, మెగ్నీషియం లాంటి లోహాలు రంగుల్ని గుత్తిగా కట్టి నీలం చేస్తున్నాయని తర్వాతెప్పుడో తేలింది. చామంతి విషయంలోనూ, ఎంజైమ్ చేసిన రంగుని విడిగా తీసి పూరేకులో ఉండే పులుపు స్థాయిలోనే పెడితే నీలం రాలేదు. చామంతిలో ముందునుంచీ ఉన్న, కంటికి రంగు కనబడని ఫ్లేవోన్ కలిపాక వచ్చింది. రంగు పలకలూ ఫ్లేవోన్ పలకలూ దగ్గరగా పేరుకుంటేనే నీలం. చక్కెర ఆ పేరుకోడానికి వీలుగా అణువుని సర్దింది. శంఖుపుష్పం సొంత రంగులో ఆ చక్కెరల కొసలకి ఇంకో రకం వలయాలు వేలాడుతూ ఉంటాయి, అవి మడతపడి రంగుని కప్పి కాపాడతాయి. అక్కడ చక్కెర ఒక కొక్కెం. చక్కెరే నీలమన్నా తప్పే, చక్కెరకి నీలంతో పనిలేదన్నా తప్పే.

వంటింట్లో చూడగలిగేది ఉల్లిగడ్డ. ఎర్ర ఉల్లిపాయ పైపొర, ఎండి గలగలలాడే ఆ గోధుమరంగు తొక్కు, తీసి వేళ్ళతో నలిపి చూడండి. అందులో క్వెర్సెటిన్ ఎక్కువగా చక్కెర ఊడిపోయి ఒట్టిగా ఉంటుంది. ఒక పొర లోపలికి, తడిగా మెరిసే కండలో అదే క్వెర్సెటిన్ 4'కో, 3కీ 4'కీ రెండింటికో గ్లూకోజ్ తగిలించుకుని ఉంటుంది. ఆ పొర బతికున్నంతకాలం చక్కెర ఉంటుంది, ఎండి చచ్చాక ఊడుతుంది. తిన్నప్పుడు ఏది బాగా ఒంటబడుతుందన్న ప్రశ్నకి 1995లో డచ్ పరిశోధకులు తొమ్మిదిమంది మీద కొలిచి చూశారు. ఉల్లిలోని గ్లూకోసైడ్లు 52 శాతం, ఒట్టి క్వెర్సెటిన్ 24 శాతం, రెండు చక్కెరల గొలుసు తగిలిన రూటిన్ 17 శాతం. చక్కెర ఉంటే అడ్డమనుకున్నవాళ్ళు తెల్లబోయారు. గ్లూకోజ్ కోసమున్న ద్వారంలోంచి ఇదీ దూరిపోతుందని కొందరన్నారు. పాలచక్కెరని విరిచే ఎంజైమే పేగు గోడ దగ్గర ఈ గ్లూకోజ్‌నీ ఊడబెరుకుతుంది, ఒట్టిపడ్డ క్వెర్సెటిన్ అక్కడే లోపలికి జారుతుందని ఇంకొందరు చూపించారు. రెండో దారికే ఇప్పుడు మొగ్గు ఎక్కువ.

మూతపెట్టి దాచి, అవసరమైతే తీసి: నీలిమందు, జొన్న నాము

పూలరంగుకి చక్కెర తగిలితే రంగు నిలుస్తుంది. నీలిమందు దీనికి సరిగ్గా ఎదురు. నీలి ఆకులో ఇండాక్సిల్ అనే పదార్థానికి గ్లూకోజ్ తగిలి ఇండికన్‌గా ఉంటుంది. దానికి రంగే లేదు. అందుకే ఆ ఆకు మామూలు పచ్చ ఆకు. ఒకప్పుడు కడప, నెల్లూరు సీమల్లో నీలిమందు తొట్లలో జరిగింది చక్కెర ఊడబెరికే పనే. ఆకు నానబెడితే గ్లూకోజ్ ఊడుతుంది, ఆ నీళ్ళని చిలికితే గాలి తగిలి రెండేసి ఇండాక్సిల్‌లు జతకట్టి నీలమై అడుగున దిగుతాయి. 2018లో అమెరికాలో బర్కిలీ శాస్త్రవేత్తలు ఇంకో నీలి మొక్క యూజీటీని బాక్టీరియాలో పెట్టి ఇండికన్ చేయించారు. ఆ నీళ్ళు గుడ్డ మీద పోసి, చక్కెర ఊడబెరికే ఎంజైమ్ తగిలిస్తే నీలం అక్కడికక్కడే పుడుతుంది. జీన్స్ అద్దకానికి వాడే ఘాటు రసాయనాల అవసరం తగ్గించాలన్నది వాళ్ళ ఆలోచన.

చక్కెర మూతని ఇంతకన్నా కఠినంగా నేర్పేది జొన్న. కోసిన చేలో మోళ్ళకి మళ్ళీ వేసే చిగుళ్ళని నాము అంటారు. నాము మేసి పశువులు పడిపోవడం రైతులకి కొత్త కాదు. జొన్న లేత మొక్కలో ధుర్రిన్ అనే గ్లూకోసైడ్ ఉంటుంది. గ్లూకోజ్ తగిలి ఉన్నంతసేపు అది రిక్తికలో బుద్ధిగా కూర్చుంటుంది. మూత తీసే ఎంజైమ్ వేరే కణాల్లో ఉంటుంది. పశువు నమిలినప్పుడు రెండూ కలుస్తాయి, గ్లూకోజ్ ఊడుతుంది, మిగిలినది విరిగి సైనైడ్ విడుదలవుతుంది. ధుర్రిన్‌కి గ్లూకోజ్ తగిలించేది కూడా ఒక యూజీటీయే.

ఒకే ఇంటిపేరు, వేరువేరు పనులు

యూజీటీలకి పేర్లు పోలికని బట్టి పెడతారు, పనిని బట్టి కాదు. వరస దగ్గరగా ఉన్నవాటికి ఒకే అంకె, ఇంకా దగ్గరివాటికి అదే అక్షరం. మొక్కల కుటుంబాలు 71తో మొదలవుతాయి. అంతకన్నా చిన్న అంకెలు జంతువులకీ ఈస్ట్‌కీ. మన కాలేయంలో యూజీటీ1ఏ1 ఉంది, పచ్చకామెర్ల పసుపు బిలిరూబిన్‌కి గ్లూకోజ్ చుట్టమైన ఆమ్లాన్ని తగిలించి బయటికి పంపేది అదే. పుట్టిన కొత్తలో పిల్లలు పచ్చబడేది అది ఇంకా చేయి తిరగకపోవడం వల్ల కూడా.

ఇంటిపేరు చూసి పని ఊహిస్తే బోల్తా పడతాం. ఆవాల కుటుంబంలో చిన్న కలుపుమొక్క అరబిడాప్సిస్ ఉంది, ప్రయోగశాలల ముద్దుబిడ్డ. దానిలో యూజీటీలు నూటికి పైనే. వాటిలో 78డీ అన్నదమ్ముల్ని చూడండి. ఒకటో నంబరు రామ్నోజ్ తగిలిస్తుంది, రెండోది గ్లూకోజ్, మూడోది అరబినోజ్. ఒకే ఇల్లు, మూడు చక్కెరలు. ఇంకో చిక్కు, గాజుగొట్టంలో ఇస్తే ఒక్కో యూజీటీ పది రకాల పదార్థాలకి చక్కెర తగిలిస్తుంది. మొక్కలో దాని చేతికి అందేది అందులో ఏది? యూజీటీ72బీ1 మొదట పేరు తెచ్చుకున్నది క్లోరిన్ ఉన్న విషపదార్థాలకి చక్కెర తగిలించి మొక్కని కాపాడేదిగా. కలుపుమందుల సంగతులు చదివేవాళ్ళకి అది పరిచయం. మొక్క పుట్టిన లక్షల ఏళ్ళ తర్వాత వచ్చిన ఆ మందుల కోసమే ఆ జన్యువు ఉందని ఎవరూ నమ్మలేరు కదా. దాని సొంత పని కర్ర దగ్గర దొరికింది.

కర్రలోకి వెళ్తే: లిగ్నిన్ ముడిసరుకు

లేత బెండకాయ కొన విరిస్తే టక్కుమంటుంది. ముదిరినది వంగుతుంది గానీ విరగదు, లోపల పీచు. ఆ పీచుకి బిగువునిచ్చే వాటిలో లిగ్నిన్ ఒకటి. కణం చుట్టూ ఉండే కణకవచంలో సెల్యులోజ్ దారాల మధ్య లిగ్నిన్ సిమెంటులా దిగి గట్టిపడుతుంది. కర్రలో ఇది 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ప్రకాశం, ఖమ్మం వైపు రైతులు వేసే సుబాబుల్, జామాయిల్ కాగితం మిల్లుకి చేరాక అక్కడ ఖర్చులో చాలా భాగం ఈ లిగ్నిన్‌ని వదిలించడానికే. లిగ్నిన్ మీద పరిశోధనకి డబ్బు రావడానికి ఇదో ముఖ్య కారణం.

లిగ్నిన్ ముడిసరుకు మూడు చిన్న అణువులు: పారా-కౌమరిల్, కొనిఫెరిల్, సినాపిల్ ఆల్కహాళ్ళు. ఇవి కణం లోపల తయారై, పొర దాటి కణకవచంలోకి వెళ్ళాక అక్కడి పెరాక్సిడేజ్, లాకేజ్ అనే ఎంజైములు రగిలించగానే ఒకదానికొకటి అడ్డదిడ్డంగా అతుక్కుపోతాయి. ఒకసారి అతుక్కుంటే మళ్ళీ విడదీసే దారి మొక్క దగ్గర లేదు. ఇలాంటి చురుకు సరుకు కణం లోపల పేరుకుపోతే ప్రమాదం.

కొనిఫెరిల్ ఆల్కహాల్‌కి నాలుగో కొసలో గ్లూకోజ్ తగిలితే కొనిఫెరిన్. 180 + 162 = 342, కాకతాళీయంగా పంచదార అణువు బరువూ అంతే. సినాపిల్‌కి తగిలితే సిరింజిన్. అతుక్కునే పని మొదలయ్యేది ఆ నాలుగో కొస దగ్గరే కాబట్టి అక్కడ గ్లూకోజ్ కూర్చుంటే సరుకు నిద్రపోయినట్టే. అరబిడాప్సిస్‌లో ఈ పని 72ఈ అన్నదమ్ములది. 72ఈ2 కొనిఫెరిల్, సినాపిల్ రెండింటినీ పడుతుంది, 72ఈ3కి సినాపిల్ వైపు మొగ్గు, 72ఈ1 ఆల్కహాల్ కన్నా ఒక మెట్టు ముందున్న ఆల్డిహైడ్లని ఎంచుకుంటుంది.

రవాణాకా, నిల్వకా: తెగని వాదన

పాత పుస్తకాల్లో కథ సూటిగా ఉండేది. ముడిసరుకు నీళ్ళలో అంతగా కరగదు, చక్కెర తగిలిస్తే కరుగుతుంది. అలా మూటగట్టి కణకవచానికి పంపితే అక్కడ గ్లూకోసిడేజ్ అనే ఎంజైమ్ చక్కెర ఊడబెరుకుతుంది, లిగ్నిన్ కట్టుకుంటుంది. ఊహకి ఆధారాలూ ఉన్నాయి. పైన్, స్ప్రూస్ లాంటి చెట్ల బెరడు కింది జిగట పొరలో కొనిఫెరిన్ పుష్కలం. లాడ్జ్‌పోల్ పైన్ కణకవచంలో కొనిఫెరిన్‌ని విరిచే గ్లూకోసిడేజ్ దొరికింది. రేడియోధార్మిక గుర్తు పెట్టిన కొనిఫెరిన్ ఇస్తే ఆ గుర్తు లిగ్నిన్‌లో తేలింది.

ఇది రవాణాకి కాదు, నిల్వకే అనే ఎదుటివాళ్ళ మాటలోనూ బలముంది. ఇస్తే వాడుకోగలదు అంటే రోజూ ఆ దారినే వాడుతోందని కాదు. 2010లో అరబిడాప్సిస్ మొక్క, పాప్లర్ చెట్టు కణాల పొరల్ని విడదీసి చిన్న బుడగలుగా చేసి చూశారు. కణం బయటి పొర చక్కెర లేని ఆల్కహాల్‌నే తీసుకుంది. రిక్తిక పొర మాత్రం కొనిఫెరిన్‌ని తీసుకుంది. అంటే చక్కెర ఉన్నది గిడ్డంగికి (రిక్తికకి), లేనిది గోడకి (కణకవచానికి). 72ఈ2ని బాగా ఎక్కువ చేసిన మొక్కల వేళ్ళలో కొనిఫెరిన్, సిరింజిన్ పదింతల దాకా పెరిగాయి, లిగ్నిన్ మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. కొనిఫెరిన్‌ని విరిచే గ్లూకోసిడేజ్ ఒకదాన్ని ఆపితే కొనిఫెరిన్ పేరుకుంది, లిగ్నిన్ తగ్గలేదు. చక్కెర లేని ముడిసరుకు ఏ వాహకం సాయం లేకుండా పొరలోంచి జారిపోగలదని, చక్కెర తగిలితే అది కష్టమని 2019లో కంప్యూటర్ లెక్కలు కూడా చెప్పాయి.

ఇంతటితో నిల్వ పక్షం గెలిచిందనుకుంటుంటే 2016లో యూజీటీ72బీ1 వాదనని మళ్ళీ కదిపింది. కలుపుమందుల కాపలాదారనుకున్నదాన్ని ఆపి చూస్తే అరబిడాప్సిస్ పూకాడలో లిగ్నిన్ పట్టకూడని చోట్ల కూడా పట్టింది. కాడ గిడసబారింది. దానితోపాటు ఆంథోసయనిన్ కూడా పెరిగింది, రంగూ కర్రా ఒకే ముడిసరుకు దారిలోంచి చీలతాయి కాబట్టి. నిల్వకే అయితే గిడ్డంగి తలుపు మూసినంతమాత్రాన గోడ ఇంత మారకూడదు. దీన్ని మూడో రకంగా చదివేవాళ్ళున్నారు. చక్కెర రవాణాకీ కాదు, ఒట్టి నిల్వకీ కాదు, చురుకైన సరుకు ఎంత ఉండాలో సరిచూసే తక్కెడ అని. నా మొగ్గు ఈ మూడోదానికే. కాకపోతే ఆ మొక్కల్లో లిగ్నిన్ తయారీ జన్యువులే ఎక్కువగా పనిచేశాయి, కాబట్టి ఇది నేరుగా జరిగిందా, వేరే గోల వల్లనా అన్న సందేహం మిగులుతుంది.

పైగా ఈ ప్రయోగాల్లో చాలావరకు జానెడు ఎత్తు కలుపుమొక్క మీద చేసినవి. పాప్లర్ కర్రలోనూ జపాన్ సైప్రస్ కర్రలోనూ ప్రోటాన్ల తోపుతో కొనిఫెరిన్‌ని కణంలోపలి బుడగల్లోకి ఎక్కించే ఏర్పాటు ఉందని 2013 ప్రాంతంలో కనబడింది. ఆ బుడగలు రిక్తికకి వెళ్తాయా, గోడకి వెళ్తాయా అన్నది మళ్ళీ మొదటి ప్రశ్నే. పైన్ జాతుల్లో కొనిఫెరిన్ ఎంత ఉంటుందంటే, 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు వాటి పసరులోంచి దాన్ని తీసి వెనిలా పరిమళమిచ్చే వెనిలిన్ తయారుచేశారు, ఆ మీదట కర్మాగారమే పెట్టారు. అరబిడాప్సిస్ కాడని ఎంత గీకినా అలాంటి పసరు రాదు.